అక్షరాలు పడే వేగం

ఆ ఆదివారం పొద్దున హుజూర్‌నగర్‌లో మా ఇంటి ముందు గదిలో ఉన్నవాళ్లం ముగ్గురం: బాపు, అమ్మ, నేను. ఉన్న వస్తువులు: నా ల్యాప్‌టాప్, పాత కంప్యూటర్ నుంచి విప్పి తీసిన హార్డ్ డిస్క్, ఆ రెండింటినీ కలిపే కేబుల్, బాపు మాత్రల డబ్బా, ఎవరూ ముట్టని మూడు కప్పుల చాయ్.

బాపు ఇరవై ఆరేళ్లు టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. బస్టాండ్ దగ్గర అద్దెకు తీసుకున్న మల్గిలో, అంటే ఒక దుకాణం గదిలో, ఎనిమిది టైపు మిషన్లు. లోయర్ పరీక్ష పాస్ కావాలంటే నిమిషానికి ముప్పై మాటలు కొట్టాలి, హయ్యర్‌కు నలభై అయిదు. పిల్లల చేతుల మీద తువ్వాల కప్పి, కీలు చూడకుండా కొట్టించేవాడు. తను మాత్రం వాళ్ల వైపు చూసేవాడు కాదు. కిటికీ దిక్కు తిరిగి వింటూ, "మూడో మిషన్, చిటికెనవేలు ఎటు పోయిందే?" అనేవాడు. వేగం కండ్లకు కాదు, చెవులకు తెలుస్తుందని ఆయన నమ్మకం.

అంతకు ఏడాది ముందు ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. కొన్ని నెలలకు ఎడమ చేతికీ వచ్చింది. నల్లగొండ దవాఖానలో డాక్టర్ జబ్బు పేరు చెప్పి, ఇది పోయేది కాదన్నాడు, మందులు ఆపొద్దన్నాడు, వేళ్లకు పని చెప్పమన్నాడు. పిసకడానికి ఒక రబ్బరు బంతి రాసిచ్చాడు. బాపు దాన్ని అల్మారా మీద పెట్టి మళ్లీ దించలేదు. మల్గికి తాళం పడింది.

మల్గి యజమానిని నేను చాచా అంటాను. బాపు కంటే నాలుగేళ్లు పెద్ద. ఒకరోజు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. సెల్‌ఫోన్ల దుకాణం పెట్టేవాళ్లు ఆ జాగా అడుగుతున్నారట.

"మాస్టర్ సాబ్, నువ్వు తెరుస్తనంటే వాళ్లకు లేదని చెప్త. తెరువనంటే అది గూడ చెప్పు. ఫికర్ చెయ్యకు."

"దసరా దాక ఆగు భాయ్," అన్నాడు బాపు. "నలభై అయిదు కొట్టగలిగితే తెరుస్త. లేకుంటే తాళంచెవి నీ చేతుల పెడత."

"నలభై అయిదెందుకు? చదువు చెప్పనీకి నోరు చాలదా? నీ నోటికి ఏం వణుకు లేదు గద!"

"నేను కొట్టంది పిల్లలకు ఎట్ల చెప్త?"

ఇది ఆయన పద్ధతి. ప్రతి కొత్త బ్యాచ్ మొదటి రోజు పిల్లల ముందు తనే పది నిమిషాలు కొట్టేవాడు. తన తప్పులు తనే ఎర్ర పెన్నుతో గీసుకొని, లెక్క కట్టి, ఆ కాగితాన్ని గోడకు అంటించేవాడు.

సాధన చేయాలి. మల్గికి పోతే బస్టాండ్ అంతా ఆయన చేతులనే చూస్తుంది. అందుకని ఇంట్లోనే సాధన చేయడానికి నన్ను ఒక పాత ఆట అడిగాడు. ఇన్‌స్టిట్యూట్ చివరి ఏళ్లలో ఒక కంప్యూటర్ ఉండేది. అందులో ఒక టైపింగ్ ఆట. పైనుంచి అక్షరాలు పడతాయి, నేలను తాకకముందే ఆ కీ నొక్కాలి. ఆట అయిపోయాక నిమిషానికి ఎన్ని మాటలో చూపిస్తుంది.

ఆ ఆదివారం మొదట ఆ ఆట ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో నడవదని వచ్చింది. ఆట పదహారు బిట్ల కాలంది, నా సిస్టం అరవై నాలుగు బిట్లది. తర్వాత కంపాటిబిలిటీ మోడ్ పెట్టి చూశాను. అదే జవాబు. మూడోసారి, పాత కంప్యూటర్‌లా నటించే ఎమ్యులేటర్ ఒకటి దించుకొని దాని లోపల నడిపాను. నీలం తెర, పసుపు అక్షరాలు వచ్చాయి. బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మొదలుపెట్టగానే అక్షరాలన్నీ ఒక్కసారి కుమ్మరించినట్టు పడి ఆట అయిపోయింది.

"ఇదేం ఆటరా, రాళ్లవాన పడ్డట్టుంది!" అన్నాడు బాపు.

అమ్మ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

ఆ ఆటకు గడియారంతో పని లేదు. ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కపెడితే అక్షరం అంత వేగంగా పడుతుంది. ఎమ్యులేటర్‌లో సైకిల్స్ అని ఒక అంకె ఉంది, దాన్ని తగ్గిస్తే ఆట నెమ్మదిస్తుంది. మొదటి మెట్టులో అక్షరం నేలకు రావడానికి ఆరు సెకన్లు పట్టేదని బాపు చెప్పాడు. చేతిగడియారం పట్టుకొని సరిచూస్తూ మూడు వేల దగ్గర ఆపాను.

"ఇది కీబోర్డా, అప్పడమా? చప్పుడే లేదు," అంటూ వేళ్లు పెట్టాడు.

పంతొమ్మిది వచ్చింది. మళ్లీ ఆడితే పదిహేడు. మూడోసారి పంతొమ్మిది. ల్యాప్‌టాప్ మూత మూసి, లోపలి గదిలోకి పోయి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం తినలేదు. మర్నాడు మాత్రలు వేసుకోలేదు. "ఏసుకొని ఏం జేస్త?" అన్నాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి నాతో మెల్లగా అంది: "ఇంత సదివినవ్. ఏదన్న చెయ్యరాదురా."

చేశాను. మూడు వేలను రెండు వేల ఆరు వందలు చేశాను. ఆట వేగాన్ని తన సొంత లెక్కతోనే కొలుస్తుంది కాబట్టి, అది నెమ్మదిస్తే తెర మీద అంకె పెరుగుతుంది. ఆ సాయంత్రం బతిమాలి కూర్చోబెడితే ఇరవై రెండు వచ్చింది. బాపు మాత్ర అడిగి వేసుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని రోజులకోసారి తగ్గిస్తూ పోయాను. రెండు వేల రెండు వందలు, పద్దెనిమిది వందలు, పధ్నాలుగు వందలు. ఆయనకు ఇరవై అయిదు, ముప్పై ఒకటి, ముప్పై ఏడు. ఆరు సెకన్లని గుర్తుపెట్టుకున్న మనిషికి ఇది ఎట్లా తెలియలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచిన కారణాలు రెండు. ల్యాప్‌టాప్ కీలకు చప్పుడు లేదు, ఆయనేమో జీవితమంతా వేగాన్ని చెవితోనే కొలిచాడు. రెండోది, జబ్బు చేతులతో పాటు ఆయన లోపలి గడియారాన్ని కూడా నెమ్మది చేసి ఉండొచ్చు. అది నిజమేనా అని డాక్టర్‌ను అడగలేదు.

ఆయన మారాడు. గడ్డం తనే గీసుకున్నాడు, రెండు చోట్ల తెగినా. అమ్మను పిలిచి ఎ, ఎస్, డి, ఎఫ్ మీద వేళ్లు పెట్టించి, "నీకంటే మా మొద్దు పిల్లలు నయం," అన్నాడు. "నీ వంకాయ కూర నువ్వే వండుకో మరి," అంది అమ్మ. సైకిల్స్ పదకొండు వందలకు దించిన రోజు నలభై అయిదు వచ్చింది. బాపు అప్పటికప్పుడే చాచాకు ఫోన్ చేసి, దుకాణం వాళ్లకు లేదని చెప్పమన్నాడు. నేను నిజం చెప్పాల్సింది ఆ రోజే. అమ్మ పాలల్లో సేమ్యా వేస్తోంది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున మల్గి తెరిచాం. బాపు, నేను, చాచా. బాపు దుమ్ము తుడిచి, రిబ్బన్ మార్పించి, కాగితం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి ఎక్కింది.

"టైమ్ చూడు," అన్నాడు నాతో.

ల్యాప్‌టాప్ కీని తాకితే చాలు, ఈ కీలను బలంగా లోతుకు నొక్కాలి. కీల చప్పుడు మొదలైంది. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఆగి, రెండు కలిసి. మొదటి లైను చివర గంట మోగకముందే తన వేగం ఎంతో ఆయనకు తెలిసిపోయింది. ముఖం కిటికీ దిక్కు తిరిగింది. కానీ వేళ్లు ఆపలేదు. పది నిమిషాలు పూర్తిగా కొట్టాడు. చాచా తల వంచుకొని నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఆపు," అన్నాను.

బాపు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆటను మెల్లగ చేసినవా?"

"చేసిన బాపు."

"ఎంత మీద పెట్టినవ్?"

"మూడు వేల మీద ఉండాలె. పదకొండు వందల మీద పెట్టిన."

"అంటే మూడో వంతు."

"జర ఎక్కువ."

"పంతొమ్మిది నాదే గదరా," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ నలభై అయిదు ఎవరిదిరా?"

చాచా ముందుకు వచ్చి, "మాస్టర్ సాబ్, మిషన్ ఇన్ని నెలల నుంచి ఊకెనే ఉన్నది, కీలు బిగుసుకున్నయి," అన్నాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది భాయ్."

తాళంచెవి తీసి చాచా అరచేతిలో పెట్టాడు. చాచా చెయ్యి అట్లాగే తెరిచి ఉంచితే, బాపే వణికే చేత్తో ఆయన వేళ్లను ఒక్కొక్కటి మడిచాడు. తర్వాత కాగితం మిషన్ నుంచి లాగి నా ముందు పెట్టాడు.

"నేను చెప్త, నువ్వు గియ్యి."

ఒక్కో తప్పు ఆయన వేలుపెట్టి చూపించాడు, నేను ఎర్ర పెన్నుతో గీశాను. నేను చూడకుండా దాటేసిన రెండింటిని కూడా వెనక్కి వచ్చి పట్టుకున్నాడు. మొత్తం కీలు మూడు వందల తొంభై. అయిదు కీలకు ఒక మాట చొప్పున డెబ్బై ఎనిమిది మాటలు. తప్పులు పద్దెనిమిది. తీసేస్తే అరవై. దాన్ని పది నిమిషాలకు పంచి, కాగితం అడుగున రాయమన్నాడు.

నిమిషానికి ఆరు మాటలు.