మంచం ముందు రెండు తడి అడుగులు

మా చిన్నప్పుడు... టాటానగర్ దగ్గర భుయ్యాడీహ్‌లో మా ఇంట్లోకి వానాకాలం గుమ్మంలోంచి వచ్చేది కాదు, నేలలోంచి వచ్చేది.

సువర్ణరేఖ నది మీంచి తడిగాలి తిరిగిందంటే చాలు... గచ్చు చెమర్చేది. గోడలు నడుం ఎత్తు వరకూ నల్లబడి సున్నం పొరలుగా రాలేది. రేకుల కప్పుకి లోపలివైపు నీరు పట్టి, అన్నం తింటుంటే కంచంలో టప్పున ఓ చుక్క పడేది. జాడీలో ఉప్పు నీరుకారిపోయేది. అగ్గిపెట్టెని నాన్నమ్మ బియ్యం డబ్బాలో దాచేది. దండెం మీద బట్టలు ఎన్నాళ్లున్నా ఆరేవి కావు... కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టుకుని, పొగవాసనతో బడికి పోయేవాళ్లం.

ఆ ఇల్లు మా తాత కట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి ఇనుము పనికి వచ్చినవాడు. డ్యూటీ దిగి రాగానే నులక మంచం మీద ఎప్పుడూ ఒకే చోట కూర్చుని, కాళ్లు గచ్చు మీద ఆనించేవాడు. నాన్నమ్మ ఆముదం రాసేది. తాత ఎడమ పాదం సగమే ఉండేది... ఎప్పుడో లారీ చక్రం కింద పడి ముందుభాగం పోయింది. ఆ పాదానికి మరికాస్త ఎక్కువ ఆముదం.

తాత వానల్లోనే పోయాడు.

పదోరోజుకి ముందు సాయంత్రం, మా వాళ్ల ఆనవాయితీ ప్రకారం, మంచం ముందు గచ్చంతా బియ్యప్పిండి జల్లి, దీపం పెట్టి, తలుపు మూసేశారు. పోయినవాళ్లు ఒకసారి ఇల్లు చూసుకోవడానికి వస్తారని, అడుగులు పడతాయని...

పొద్దున్న తలుపు తీశారు. పెద్దవాళ్ల కాళ్ల సందులోంచి నేనూ చూశాను. పిండి తెల్లగా అలాగే ఉంది. మంచం ముందు మాత్రం రెండు తడి ముద్రలు. కుడిది నిండుగా... ఎడమది సగం. ముద్రలు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. అంటే ఎవరో మంచం మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నట్టు.

నాన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఒచ్చీసినాడు" అంది.

అప్పట్నుంచి ప్రతి వానాకాలం ఆ అడుగులు వచ్చేవి. మిగతా గచ్చు మామూలుగా చెమ్మగా ఉంటే, అక్కడ మాత్రం నీళ్లు నిలిచి మెరిసేవి. నేనైతే ఆ గదిలో పలక మర్చిపోయి, లోపలికెళ్లి తెచ్చుకునే ధైర్యం లేక, బళ్లో దెబ్బలు తిన్న రోజులున్నాయి.

నాన్నమ్మకి మాత్రం భయం లేదు. మంచం మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ, అడుగులు కనబడగానే పక్కకి జరిగి చోటిచ్చేది. నన్ను అసలు భయపెట్టింది అడుగులు కాదు, ఆవిడ అలా జరగడం.

మా నాన్నది టాటానగర్‌లో రైల్వే పని. ఇవన్నీ చూసి నవ్వేవాడు. "ఏటమ్మా నీ గోల... ఇన్నేళ్లు ఆముదం తాగిన గచ్చు నీరు పీల్చదు, పైనే నిలబడిపోద్ది. అంతే."

"అలాగే లేరా. మరి ఆ ఆముదం ఎవుడి కాళ్లదేటి?" అనేది నాన్నమ్మ.



తర్వాత నాన్నమ్మా పోయింది, మంచి ఎండల్లో. పిండి మీద ఏమీ పడలేదు.

ఇప్పుడు ఆ మంచం నాన్నది. వానలు మొదలైతే ఆయాసం... గోడకి జారబడి కూర్చునే తెల్లవార్లూ ఊపిరి కోసం తన్నుకులాట. ఈ చెమ్మలో, ఈ బూజులో ఉన్నన్నాళ్లూ మందులు పనిచేయవని డాక్టరు తేల్చి చెప్పేశాడు. దాంతో పోయిన వేసవిలో ఇంటికి మరమ్మతు పెట్టాను. రేకుల కింద థర్మాకోల్ పలకలు, ఫాల్స్ సీలింగ్. గోడలు గీకించి వాటర్‌ప్రూఫింగ్. ఇక గచ్చు తవ్వి, మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, పైన టైల్స్.

పలుగు మంచం దగ్గరికొచ్చేసరికి నాన్న అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ రెండడుగుల మేరా ఒగ్గీమను."

అంత మేర వదిలేస్తే ఇంట్లో చెమ్మంతా అక్కణ్ణుంచే పైకొస్తుందని మిస్త్రీ హిందీలో మొత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. జీవితమంతా నవ్వినవాడు, ఇప్పుడా పట్టు పట్టేది... "నీ ఊపిరి కావాలా, ఆముదం మరక కావాలా నాన్నా?" అనేశాను.

ఆయన బయటికెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. లోపల పలుగు దెబ్బ పడగానే రెండు కాళ్లూ పైకి లాక్కున్నాడు... తనకే తగిలినట్టు.

ఇల్లు ఇప్పుడు పొడిగా ఉంది. ఉప్పు ఉప్పులాగే ఉంటోంది. నాన్న పడుకుని నిద్రపోతున్నాడు, నాకు అంతకన్నా ఏం కావాలి. కానీ రోజూ సాయంత్రం కాళ్లకి ఆముదం రాసుకుని, సరిగ్గా అక్కడే టైల్ మీద పాదాలు ఆనించి కూర్చుంటున్నాడు.

"టైలు నూనె పీల్చదు నాన్నా" అన్నాను.

"నాకు తెల్దేటి... నువ్వు తుడవకు, చాలు."

ఈ ఏడు తొలివానల్లో ఒక పొద్దున్న టీ పట్టుకుని వెళ్లాను. నాన్న అప్పుడే లేచి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కిందికి చూస్తున్నాడు. టైల్ మీద రెండు అడుగులు తడిగా మెరుస్తున్నాయి. కుడిది నిండుగా... ఎడమది సగం.

మా నాన్నకి రెండు పాదాలూ నిండుగానే ఉన్నాయి.

"రేత్రి నా ఎడం కాలు సరిగ్గా ఆన్చలేదు లాగుంది" అన్నాడు. టీ గ్లాసు అందుకున్నాడు... అందుకుని మంచం మీద కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.

అప్పటి ఇళ్లు మన నూనె, మన చెమట, మన ఏడుపు అన్నీ పీల్చుకుని దాచేవి. ఇప్పటి నేల మీద ఏదీ నిలవదు, ఒక్క తుడుపుకి పోతుంది. మంచిదే, మనిషికి ఊపిరాడుతోంది. అయినా ఆ మంచం ముందు నేనింకా తడిగుడ్డ పెట్టలేదు...

మీ పాత ఇళ్లలో కూడా ఏ గోడైనా, ఏ గచ్చైనా ఎవరినైనా ఇలా దాచుకుందా... ఉంటే కింద రాయండి. పగటిపూట చదువుకుంటాను.