ఆఖరి స్టేషన్‌లో త్రినాథరావు

“…మోకాళ్ళకి తైలం రాసుకుంటా మళ్ళీ జెండాలూపడానికి ఎల్తారా? జాముల్‌లో ఇంకెవులూ దొరకలేదేటి వాళ్ళకి?”

“ఊపడానిక్కాదే. కుర్రాళ్ళకి నేర్పడానికి పిలిచారు.”

“ఏటి నేర్పుతారు? ఇక్కడ చూడండి. జెండా ఉందా, ఊపే మనిషున్నాడా?”

త్రినాథరావు చూశాడు. ఢిల్లీ చివర, నేల అడుగున ఉన్న ఆఖరి మెట్రో స్టేషన్ అది. భార్య కమలాకుమారి అన్నట్టు ఒక్క జెండా కూడా లేదు.

భిలాయి ఉక్కు ప్లాంటు లోపల తిరిగే రైళ్ళని ఒక పట్టాల మీంచి ఇంకో పట్టాల మీదకి మార్చే షంటింగ్ పని చేశాడు అతను. ఇంజను వెనక్కొస్తుంటే పట్టాల పక్కన నిలబడి చేతుల్తోనే రమ్మనేవాడు, చేతుల్తోనే ఆపేవాడు. రిటైరై సెక్టర్ 2 క్వార్టరు ఖాళీ చేసి ఢిల్లీలో కూతురి దగ్గరికి వచ్చాక, భిలాయి పక్కనున్న జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ సొంత రైలు పట్టాల మీద, సైడింగ్‌లో, కొత్తవాళ్ళకి ఆ పని నేర్పమని కబురొచ్చింది. వెళ్ళాలనే ఉంది. కానీ ఈ రోజుల్లో చేతి సైగ ఎవడిక్కావాలన్న అనుమానం కమలాకుమారి కంటే ముందు అతనికే వచ్చింది.

కూతురు జ్యోత్స్న నడిపే రైలు వచ్చింది. జనం దిగిపోయారు. ఖాళీ రైలు ముందున్న సొరంగంలోకి వెళ్ళిపోయింది. ఇక ప్లాట్‌ఫారం అవతలి వైపు పట్టాల మీద తిరిగి రావాలి.

“ఎవడూ దగ్గరుండి చూసుకోకుండా ఎలా మళ్ళుతుందే అది?” అంటూ త్రినాథరావు అటువైపు నడిచాడు.

సొరంగంలో దీపాలు కనిపించాయి. రైలు వస్తోంది. ఇంకా వస్తోంది. అతని చేతులు రెండూ వాటంతటవే పైకి లేచాయి.

రైలు ఆగిపోయింది. సగం సొరంగంలోనే ఉంది.

ఎక్కడానికి నిలబడ్డవాళ్ళు గొల్లున నవ్వారు. “అంకుల్, ట్రాఫిక్ పోలీసా?” అన్నాడొకడు హిందీలో. సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చాడు. కేబిన్ కిటికీలోంచి జ్యోత్స్న తల బయటపెట్టింది.

“పాపా! యే క్యా హై? ఏంటిది నాన్నా?”

“నువ్వెందుకు ఆపేశావమ్మా?”

“అలా చేతులెత్తి నిలబడితే ఆపనా? దించు పాపా, నువ్వు దించితే గానీ నేను కదల్ను!”

దించాడు. రైలు మెల్లగా ముందుకొచ్చి తన చోట ఆగింది. గార్డు మందలిస్తుంటే కమలాకుమారి మధ్యలో దూరి, “బండి మా అమ్మాయిది భయ్యా, ఈయన మా ఆయన,” అని నవ్వాపుకుంటూ సర్దిచెప్పింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

“అయిందా? తృప్తేనా?”

త్రినాథరావు జేబులోంచి ఫోను తీశాడు.

“సోమవారం నుంచి డ్యూటీకొస్తానని జాముల్ వాళ్ళకి చెప్పేస్తున్నాను,” అన్నాడు.