రేపు వస్తానన్న హేమమ్మ

ఈ ఉదయం సిరుగుప్ప బస్సు కోసం నిలబడి ఉంటే పక్క బేకరీలోంచి యాలకుల వాసన వచ్చింది. అప్పుడే దించిన తియ్యబన్నులు. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది ఒక్కరే, హేమమ్మ. అసలు పేరు హెల్మి. తోరణగల్లు వైపు ఒక ఉక్కు కర్మాగారంలో యంత్రాలు బిగించడానికి ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆ పక్కనే కూరెకుప్ప దగ్గర కంపెనీ గెస్ట్‌హౌస్ ఇస్తామన్నా ఒప్పుకోక, ఊళ్లో మనుషుల మధ్యే ఉంటానని పట్టుబట్టి, గాంధీనగర్‌లో మా పక్కింటి మేడ మీద అద్దెకు దిగింది. ఇంటావిడ రుక్మిణమ్మ. భర్తకు లారీలుండేవి. హెల్మి అనడానికి నోరు తిరగక మొదటిరోజే ఆ పిల్లను హేమమ్మను చేసింది. జీతమెంత, పెండ్లెందుకు కాలేదు అని కూడా ఆ రోజే అడిగేసింది.

వాళ్లిద్దరి తొలి తగవు తలుపు దగ్గర వచ్చింది. హేమమ్మ పని నుంచి రాగానే తలుపు వేసుకునేది. రుక్మిణమ్మ బొరుగుల ఉగ్గాణి గిన్నె పట్టుకుని నేరుగా తోసుకుని వెళ్లేది. ఒకనాడు ఇద్దరూ పిట్టగోడ దగ్గరికి వచ్చి నన్ను మధ్యవర్తిని చేశారు.

"తలుపేసుకోని ఉండాది గదప్పా, జరమొచ్చి పడిందేమోనని పోతి. అట్ల బిత్తరపోతుందేంది ఈ పిల్ల?"

హేమమ్మ ఇంగ్లీషులో అంది: "మా ఊళ్లో తలుపు మూసి ఉందంటే మనిషి సుఖంగా ఉందని అర్థం. ఇక్కడ జబ్బు పడిందని అర్థమా?"

అవునన్నాను. ఆమె మరునాటి నుంచి సాయంత్రం పూట తలుపు బార్లా తెరిచి పెట్టింది. ఆ తెరిచిన తలుపుకు ఎదురుగా కూర్చుని, ఎవరొస్తారో ఏమడుగుతారో అన్నట్టు బిగుసుకుపోయి కాఫీ తాగేది. నెల తిరిగేసరికి బిగువు పోయింది. తన చిన్న ఓవెన్‌లో యాలకుల బన్ను చేసి కిందికి తెచ్చేది. "మా పాయసం వాసన మీ రొట్టెకెట్లొచ్చె?" అని రుక్మిణమ్మ ఆశ్చర్యపోయేది.

ఇంతలో రుక్మిణమ్మ భర్త ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ఇల్లంతా జనం. హేమమ్మ మాత్రం కనిపించలేదు. తలుపు మళ్లీ మూసుకుంది. చెప్పులు చేత పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగి పనికి పోయేది. కింద గడప పక్కన ఎవరో తెల్లపూల గుత్తి పెట్టి వెళ్లారు. అది ఆమెదేనని నాకు తెలిసింది గానీ, వచ్చేపోయేవాళ్ల కాళ్ల కింద అది నలిగిపోయింది.

మూడో రోజు రుక్మిణమ్మ నన్ను పిలిచింది. "మేడ మీదుండే పిల్ల ఒకసారి దిగొచ్చి మొగం చూపీలేదు గదప్పా. నా బిడ్డ మాదిరి చూసుకుంటి. మా ఇంటాయప్ప ఆ పిల్లకు సపోటా పండ్లు ఏరి మరీ పంపిస్తాండె. ఈ కార్యాలయినాక ఇల్లు ఖాళీ చెయ్యమను. నేను మాట్లాడను, నువ్వే చెప్పు."

వెళ్లి చెప్పాను. హేమమ్మ ముఖం తెల్లబోయింది. "దుఃఖంలో ఉన్నవాళ్ల జోలికి పోకుండా ఉండటమే మా మర్యాద. నేనామెను గౌరవిస్తున్నాననుకున్నాను."

"ఇక్కడ ఎవరూ పిలవరు. మనమే వెళ్లాలి."

"వెళ్లి ఏం మాట్లాడాలి?"

"ఏమీ అక్కర్లేదు. కూర్చుంటే చాలు."

"అది నాకొచ్చు" అంటూ అప్పుడే లేచింది.

చాప మీద ఆడవాళ్ల మధ్య చోటు చేసుకుని రుక్మిణమ్మ పక్కన కూర్చుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు, ఎట్లయింది, ఎప్పుడయింది, ఏ డాక్టరు అని అడుగుతున్నారు. రుక్మిణమ్మ చెప్పిందే చెబుతోంది. హేమమ్మ ఏమీ అడగలేదు, చెయ్యి కూడా పట్టుకోలేదు. ఊరికే కూర్చుంది. కొంతసేపటికి రుక్మిణమ్మ జవాబులు చెప్పడం మానేసి ఆ పిల్ల భుజానికి ఆనుకుంది.

పొద్దుగూకాక హేమమ్మ లేచి, తనకొచ్చిన కాస్త తెలుగులో "రేపు వస్తా" అంది.

చాప మీద గుసగుస లేచింది. "చావింట్లో వస్తానని చెప్పకూడదమ్మా! గమ్మున లేచి పోవల్ల!" అని రుక్మిణమ్మ మేనత్త గదిమింది.

రుక్మిణమ్మ తలెత్తింది. "అననీలే అత్తా. మీరంతా యాడికాడికి పోతారు. రేపు నా కాడికి వచ్చేదెవురు?"

మరునాడు వచ్చింది. కర్మాగారం దుమ్ము తలమీద ఉండగానే వచ్చి కూర్చుంది. కార్యాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, ఆమె రాక ఆగలేదు. ఒకనాడు బన్ను తెచ్చింది. అన్నాలు సరిగ్గా ముట్టని రుక్మిణమ్మ ఆ ముక్క తినడం నేను చూశాను. ఇల్లు ఖాళీ మాట ఏమైందని అడిగితే నామీదికే లేచింది: "ఆ మాట మళ్లా ఎత్తినావంటే చూడు!" పని ముగిసి తన దేశం వెళ్లేదాకా హేమమ్మ ఆ మేడ మీదే ఉంది.

పత్రికా విలేఖరిగా నేను గడప తొక్కిన చావు ఇళ్లు తక్కువ కాదు. పేరు, వయసు, ఎట్లా జరిగింది, ఫోటో ఉందా. మా వృత్తి నేర్పేది ఆ వరస. హేమమ్మను చూశాక దానికి ముందు ఇంకొకటి చేర్చుకున్నాను. చాప మీద కూర్చోవడం. డెడ్‌లైన్ తరుముతున్నా సరే, ముందు అది.

నిన్న సిరుగుప్ప దగ్గర దేశనూరులో ఒక రైతు కాలువలో కొట్టుకుపోయాడు. అతని తల్లి పక్కన కూర్చున్నాను. లేచేటప్పుడు నా నోటి నుంచి హేమమ్మ మాటే వచ్చింది: "రేపు వస్తా." ముసలామె నా ముఖం చూసి, "నిజంగానా నాయనా?" అంది.

వార్త ఈ ఉదయం పేపర్లో వచ్చేసింది. దేశనూరులో నాకు పత్రిక పనేమీ మిగల్లేదు. బేకరీలో నాలుగు బన్నులు కట్టించుకుని సిరుగుప్ప బస్సెక్కాను.