మా తోటికోడలి కీచుపెట్టెలు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే, ఫోనొచ్చిందని పక్కింటి వాళ్లు పిలిచారు. ఉదయగిరి నుంచి మా బావగారు. "మీ అక్క పోయిందమ్మా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య, నా తోటికోడలు. పెళ్లయిన నాటి నుంచీ అక్కా అనే పిలిచాను. కిడ్నీలు పాడై చాలా కాలంగా నెల్లూరు ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతూ ఉండింది. మా వైపు నీళ్లు తాగి ఎంతమందికి కిడ్నీలు పోతున్నాయో మీకు తెలిసిందే. ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అందరికీ తెలుసు.

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు మా అత్త ఆమె కోసం ఎంత ఏడుస్తుందో, రేపు నేను పోతే అందులో సగమైనా ఏడుస్తుందా అన్న ఆలోచనే తిరిగింది. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదంటారు. కానీ అసూయ తీసేసి ఆమె గురించి రాయమంటే నా దగ్గర మిగిలేది చాలా తక్కువ.

ఆమె ఉదయగిరిలో మిషను స్కూల్లో లెక్కల టీచరు. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ కొప్పులో ఒక చిన్న స్క్రూడ్రైవరు గుచ్చుకుని ఉండేది. ప్రార్థనకు వచ్చినప్పుడు కూడా తీయడం మరిచిపోయేది. పాస్టరుగారు చూసి నవ్వుకునేవారు. నేను మల్లెపూలు పెట్టుకుని పోతే ఒక్కరూ చూసేవాళ్లు కారు.

ఎనభైల్లో వాళ్ల స్కూలుకు ఏదో పథకం కింద చిన్న కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు మనం ఆఫీసుల్లో చూస్తున్నటువంటివి కాదు. చూడటానికి లావుపాటి కీబోర్డు, అంతే. దాని కడుపులోనే అన్నీ ఉంటాయి. తెర ఉండదు, టీవీకి తగిలించుకోవాలి. చేసిన పని దాచుకోవాలంటే మామూలు పాటల క్యాసెట్టు మీదే రికార్డు చెయ్యాలి. మళ్లీ కావలసినప్పుడు ఆ క్యాసెట్టును టేప్‌రికార్డరులో పెట్టి దానికి వినిపించాలి. ఆ క్యాసెట్టు కీచుకీచుమని అరుస్తుంటే, అరుపంతా విని కంప్యూటరు లోపలికి ఎక్కించుకుంటుంది. కొన్నేళ్లకు స్కూలుకు కొత్తవి వచ్చాయి, వీటిని పారేస్తామన్నారు. ఆమె అడిగి ఒకటి ఇంటికి తెచ్చుకుంది.

అక్కడితో ఆగలేదు. ఇలాంటివి ఎక్కడున్నాయని విన్నా బస్సెక్కేది. వింజమూరులో ఒకరింట్లో పిల్లలు ఆటలాడి పడేసినది తెచ్చింది. కలువాయిలో ఒకాయన కువైట్ నుంచి తెచ్చి, వాడటం రాక అటక మీద వేసినది తెచ్చింది. దాని మీటల మీద అరబ్బీ అక్షరాలు ఉండేవి. ఇచ్చినవాళ్ల పిల్లలకు బదులుగా లెక్కలు చెప్పేది. బీరువాలో చీరలు పెట్టుకునే అరలన్నీ వాటికే ఇచ్చేసింది. ఒక్కోదాన్ని ఒక్కో పాత చీర ముక్కలో చుట్టి పెట్టేది. ఉత్తినే దాచిపెట్టేది కాదు. వారానికొకటి తీసి, టీవీకి తగిలించి, ఏదో ఒక పని చేయించేది. ఒకదానితో స్కూలు టైంటేబులు వేయించేది, ఇంకొకదానితో ఎక్కాలు అడిగించేది.

నేను నెల్లూరులో కంప్యూటరు కోర్సు చేసి, ఆత్మకూరులో ఒక ఆఫీసులో ఆపరేటరుగా చేరినదాన్ని. ఆ ఇంట్లో కంప్యూటరు మనిషి అంటే నేనే కావాలి కదా. కానీ ఆదివారాలు ఉదయగిరి వెళ్తే, చుట్టాలందరూ ఆమె పెట్టె ముందే కూర్చుని ఉండేవాళ్లు. ఒకసారి ఉక్రోషం పట్టలేక అన్నాను.

"ఎందుకక్కా ఈ పాత సామాను? ఒక లైను రావడానికి ఇంతసేపా? మా ఆఫీసులోది క్షణంలో చూపిస్తుంది."

"తొందరేంది నీకు?" అంది, క్యాసెట్టు అరుపు మీద నుంచి ధ్యాస తీయకుండా. "దాన్ని ఆలోచించుకోనీ. పాతది అనమాక, తీరిగ్గా ఉండాది అను."

ఆ మాట ఆమె చాలాసార్లు అనేది. ఆరోజు చుట్టాలంతా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ బస్సులో తిరిగి వస్తూ దారంతా మండిపోయాను.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది మా అత్త సంగతి. ఉదయగిరిలో అక్కావాళ్ల దగ్గరే ఉండే అత్త ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. నా వంట గురించి ఇన్నేళ్లలో ఆమె అన్న మంచిమాట "ఉప్పు సరిపోయినాది" అన్నదొక్కటే. అలాంటి అత్తకు ఒక కీర్తన ప్రాణం. వాళ్లమ్మ పొలంలో కలుపు తీస్తూ పాడుకున్న రాగమట. మా చర్చిలో ఎవరికీ రాదు, పాటల పుస్తకంలో లేదు. అత్త ఒక్కతే అప్పుడప్పుడు కూనిరాగం తీసేది. ఆ రాగాన్ని అక్క స్కూలు నుంచి తెచ్చుకున్న కంప్యూటరులోకి ఎక్కించింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అత్త మంచం మీద కూర్చుని ఒక ముక్క పాడేది. అక్క ఏవో అంకెలు కొట్టేది. పెట్టె 'పీ' అనేది.

"ఇంకా కిందికా అత్తా?"

"కొంచెం కిందికి. ఆఁ, అదీ. అక్కడ సాగదీయాల."

"ఇంతనా?"

"ఇంకా. మా అమ్మ ఆడ ఊపిరి తీసుకునేది కాదు."

అలా ఎన్నో ఆదివారాలు కూర్చున్నారు. చివరికి రాగమంతా వచ్చింది. వినడానికి ఈల వేసినట్టు, పలచగా, గరగరగా ఉండేది. అత్త మాత్రం కళ్లు మూసుకుని వినేది. రోజూ సాయంత్రం బడి నుంచి అక్క రాగానే, "కీచుపెట్టె పెట్టవే పెద్దమ్మీ" అనేది. నేను కోడలిగా వచ్చి అన్నేళ్లయినా అత్త నన్ను ఒక్కసారి కూడా అది తెమ్మని, ఇది పెట్టమని అడగలేదు. అడిగించుకోవడం ఎంత గొప్పో, ఎవరూ ఏదీ అడగనివాళ్లకే తెలుస్తుంది.

తర్వాత అత్తకు కంటి ఆపరేషను చేయించి, కొన్నాళ్లు ఆత్మకూరులో మా ఇంట్లో ఉంచుకున్నాము. అప్పటికి మా ఆయన అప్పు చేసి కొత్త కంప్యూటరు కొన్నాడు. రంగుల తెర, రెండు పక్కలా స్పీకర్లు. అత్త కోసమే నెల్లూరు నుంచి క్రైస్తవ గీతాల సీడీ తెప్పించాను. కట్టు విప్పిన రోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి సీడీ పెట్టాను. ఎంతోమంది కలిసి పాడిన పాటలు, వెనక వయొలిన్లు. ఇల్లంతా నిండిపోయింది. అత్త చివరిదాకా విన్నది.

"ఎట్లా ఉంది అత్తా?"

"బాగుండాది. గుడిలో కూర్చున్నట్టే ఉండాది."

నా గుండె ఉప్పొంగింది. అంతలోనే అడిగింది: "ఉదయగిరికి ఎప్పుడు పంపిస్తావు నన్ను?"

ఆ తర్వాతి ఏడాది అత్తకు పక్షవాతం వచ్చింది. మాట మెల్లగా తిరిగి వచ్చింది కానీ పాట రాలేదు. గొంతు ఎటు తిప్పినా రాగం పలికేది కాదు. ఆ వేసవిలోనే ఒక సాయంత్రం గాలివానకు కరెంటు ఎక్కువై, అక్క స్కూలు కంప్యూటరు పొగలు కక్కి చచ్చిపోయింది. రాగం ఉన్న క్యాసెట్టు మాత్రం భద్రంగా ఉంది. కానీ ఈ పాత కంప్యూటర్ల తీరే అంత, ఒకదాని క్యాసెట్టు ఇంకొకదానికి అర్థం కాదు. బీరువాలో ఉన్నవన్నీ తీసి చూసింది. ఏదీ దాన్ని చదవలేదు. వాళ్లమ్మ రాగం అత్త గొంతులోనూ లేకుండా పోయింది, పెట్టెలోనూ లేకుండా పోయింది.

కాలిన పెట్టెలో వేయాల్సిన చిప్పులు ఎక్కడా దొరకలేదు. మద్రాసులో ఇదే పిచ్చి ఉన్న ఒకాయనతో అక్కకు ఉత్తరాల మీద పరిచయం. ఆయన ఆ పాత కంప్యూటరు చేసే పనంతా చేసేలా, ఇప్పుడు దొరికే చిప్పులతో చిన్న బోర్డు ఒకటి తయారుచేశాడు. తీరులో అచ్చం పాతదే, వస్తువులే కొత్తవి. ఒట్టి బోర్డూ, విడి భాగాలూ పార్సిల్లో పంపాడు. అతికించుకోవాల్సింది మనమే.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి అక్క బల్ల మీద అవన్నీ పరిచి, సీసం కరిగించి అతికించే సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని కూర్చుని ఉంది. చెయ్యి వణుకుతోంది. అప్పటికే జబ్బు ముదిరింది, మొహం ఉబ్బి ఉంది.

"నువ్వు పట్టుకో" అంది.

"నాకు రాదక్కా."

"నీ వేళ్లకు వస్తాది. నేను చెప్తాను, నువ్వు అతికించు."

నాకు ఒళ్లు మండింది. పని నాది, మెప్పు ఆమెకు. అయినా కడ్డీ అందుకున్నాను. వారం వారం వెళ్లి అతికించాను. పక్కన కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చుని, "సీసం ఎక్కువైనాది", "అది మెరవాల, చూడు", "ఇప్పుడు బాగుండాది" అంటూ ఉండేది. తప్పు పోతే విసుక్కునేది కాదు. "పోనీలే, తీసి మళ్లా పెడదాం. ఎవురు తరుముతా ఉండారు మనల్ని?" అనేది. క్లాసులో పిల్లలు ఆమెను ఎందుకు అంటిపెట్టుకుని ఉండేవాళ్లో అప్పుడర్థమైంది. అది తెలిసి ఇంకా కుళ్లుకున్నాను.

ఒకరోజు నేను తల వంచి అతికిస్తుంటే, ఉన్నట్టుండి అడిగింది.

"నేనంటే నీకు కుళ్లు కదే?"

కడ్డీ జారి వేలు కాలింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "అవునక్కా" అన్నాను.

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

ఆమె నవ్వింది. వేలికి రాసుకోమని వెన్న తెచ్చి ఇచ్చింది. "ఉండనీలే. ఆ కుళ్లే లేకపోతే నువ్వు ప్రతి ఆదివారం ఇంత దూరం బస్సెక్కి వచ్చేదానివా? నాకు ఎవురుండారు మాట్లాడేదానికి?" అంది.

 ఆమెకు మాట్లాడేవాళ్లు లేరని నాకు అంతకుముందు ఎప్పుడూ తోచలేదు.

బోర్డు పూర్తయిన రోజు అత్తను మంచంతో సహా టీవీ ముందుకు జరిపాము. క్యాసెట్టు పెట్టాము. అరుపు మొదలైంది, చాలాసేపు సాగింది, ఆగింది.  రాగం వచ్చింది. కానీ శ్రుతి పెరిగి, కాస్త హడావిడిగా వచ్చింది. ఈ బోర్డు పాతదానికంటే ఒక పిసరు వేగంగా నడుస్తుందని అక్క చెప్పింది.

"ఇది మా అమ్మ కాదు" అంది అత్త, వంకరపోయిన నోటితో. "పిల్ల ఎవురో పాడతా ఉండాది."

అక్క నాతో అంకెలు మార్పించింది. కొంచెం కిందికి, కొంచెం నిదానంగా. రెండోసారి, మూడోసారి పెట్టాము. ఈసారి అత్త కళ్లు మూసుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. బాగున్న చెయ్యి చాచి అక్క చెయ్యి పట్టుకుంది.

"బతికించినావు పెద్దమ్మీ."

"నేను కాదత్తా. అతికించినాది అంతా చిన్నది."

"తెలుసులే" అంది అత్త. "నువ్వు పక్కన ఉండబట్టి చేసినాది."

కాలిన వేళ్లతో నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది. అత్త చెప్పింది నిజం కావడం వల్ల వచ్చే కోపం అది.

అంత్యక్రియల రోజు స్కూలు పిల్లలతో వీధంతా నిండిపోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె గురించి చెబుతూ మధ్యలో ఆపి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను అనుకున్నట్టు అత్త ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరు పలకరించినా పలకలేదు. చుట్టాలు వెళ్లిపోయాక నేను సెలవు పెట్టి ఉండిపోయాను. అన్నం కలిపి పెడితే తింటుంది, మందు ఇస్తే మింగుతుంది, అంతే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వాకిట్లో ఎవరో పిలిచారు. భుజాన గోనెసంచితో ఒక రైతు.

"పాత కంప్యూటర్లు చేరదీసే టీచరమ్మ ఇల్లు ఇదేనా అమ్మా? కొండాపురం నుంచి వచ్చినాను. మా చిన్నాయన ఇల్లు పడగొడతా ఉంటే గోడలో గూటిలో ఇది దొరికినాది. అట్లాంటిది కనిపిస్తే తెచ్చియ్యమని టీచరమ్మ ఎప్పుడో చెప్పి పెట్టినాది."

ఆమె పోయిందని చెప్పాను. ఆయన భుజాన సంచి దించకుండా అట్లాగే నిలబడిపోయాడు. ఎండలో అంత దూరం మోసుకొచ్చినందుకు కాదు, ఆ మాటకే మొహం వాడిపోయింది. నాకెందుకో ఆ మొహం చూసి కూడా అసూయ కలిగింది.

"మరి దీన్ని వెనక్కి తీసుకుపోనా అమ్మా?"

"వద్దు. ఇటివ్వండి" అన్నాను. "నేను బాగు చేస్తాను."

మంచినీళ్లు తాగి ఆయన వెళ్లిపోయాడు. సంచి విప్పాను. కీబోర్డు మీద అక్షరాలు కనబడనంతగా మట్టి పట్టి ఉంది. ఒక మూల కందిరీగ గూడు కట్టి ఉంది. టీవీకి తగిలించి చూశాను. తెర మీద ఏమీ రాలేదు.

అత్త ఇటు తిరిగింది. అక్క పోయాక మొదటిసారి నోరు తెరిచింది.

"ఏంది చిన్నమ్మీ, పలికినాదా?"

"ఇంకా లేదత్తా."

"పెద్దది అయితే ఈపాటికి పలికించేది."

 తీగలు ఊడదీసి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆమె మంచం పక్కనే కింద కూర్చున్నాను. పళ్లు తోముకునే పాత బ్రష్షు ఒకటి తీసుకుని, మీటల సందుల్లోంచి ఎర్రమన్ను దులపడం మొదలుపెట్టాను. అత్త మంచం అంచుదాకా జరిగి, తల కిందికి వంచి చూస్తూ ఉంది.