పదో తారీఖున తాళం

మా ఇంట్లో చిట్టీ అన్న మాట ఎత్తకూడదు. రాజకీయాలు మాట్లాడుకోవచ్చు, మా మేనమామ రెండో పెళ్లి గురించి కూడా మాట్లాడుకోవచ్చు. చిట్టీ అంటే మాత్రం అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అమ్మ మిషన్ కుట్టి కూడబెట్టిన నలభై వేలు చిట్టీలో పోయాయి. ఆ చిట్టీ నడిపినావిడ రాత్రికి రాత్రే సామాను సర్దుకుని మాయమైంది. పొద్దున్నే అమ్మ నా చెయ్యి పట్టుకుని నేరేడ్‌మెట్‌లో ఉన్న ఆ ఇంటికి తీసుకెళ్లింది. తలుపుకు తాళం వేసి ఉంది. అమ్మ ఆ తాళాన్ని ఒకసారి లాగి చూసింది. కాసేపు నిలబడి మళ్లీ లాగింది. తర్వాత నన్ను బడిలో దింపేసి, ఇంటికెళ్లి ఆ రోజు ఇవ్వాల్సిన జాకెట్లు కుట్టుకుంది.

అంత జరిగిన ఇంట్లో పెరిగి, ఇరవై నాలుగేళ్లకు నేను చేసిన మొదటి ఘనకార్యం అమ్మకు చెప్పకుండా చిట్టీ కట్టడం.

నన్ను నేనే వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, కారణం ఉంది. రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం, ఇరవై ఆరు వేల జీతం. ఇంట్లో ఇచ్చేది ఇచ్చాక చేతిలో మిగిలింది మిగిలినట్టే ఆవిరైపోయేది. పక్క సీటు పిల్ల చెబితే ఫోన్లో ఒక యాప్ వేసుకుని మ్యూచువల్ ఫండ్‌లో నెలకు వెయ్యి రూపాయల సిప్ మొదలుపెట్టాను. రోజుకు పదిసార్లు తెరిచి చూసేదాన్ని. లాభంలో పచ్చగా ఉంటే టీ తాగేదాన్ని, నష్టంలో ఎర్రగా ఉంటే ఆ టీ డబ్బులు ఎవరో ఒకరి చేత కట్టించేదాన్ని. నాలుగు నెలలకు చెప్పుల షాపులో సేల్ పెట్టారని ఆ నాలుగు వేలూ తీసేశాను. యాప్‌లో డబ్బు తీయడానికి వేలితో ఒక్క నొక్కు చాలు. అడిగేవాళ్లుండరు. నాలాంటిదానికి అడిగేవాళ్లు కావాలి.

అప్పుడే మల్కాజ్‌గిరిలో మా వెనక వీధిలో ఉండే టీచర్ కనిపించారు. ఏడో తరగతిలో నాకు లెక్కలు చెప్పినావిడ. కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, మిషన్ స్కూల్లో రిటైరయ్యారు, భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఆవిడ చిట్టీ నడుపుతారని అప్పటిదాకా నాకు తెలియదు, ఆ రోజు మాటల్లో తెలిసింది. టీచర్‌తో కలిపి ఇరవై మంది, ఇరవై నెలలు, తలకు ఐదు వేలు. ప్రతి పదో తారీఖున సాయంత్రం ఆరింటికి ఆవిడ ముందుగదిలో పాట. అవసరం ఉన్నవాళ్లు లక్షలో ఎంత వదులుకుంటారో పాడతారు, ఎక్కువ వదులుకున్నవాళ్లకు ఆ నెల చిట్టీ. వాళ్లు వదిలిన డబ్బు అందరికీ సమానంగా పంచుతారు, ఆ మేరకు ఆ నెల కట్టేది తగ్గుతుంది. ఆఖరిదాకా ఆగినవాళ్లు నిండు లక్ష తీసుకుంటారు. కాగితాలూ రిజిస్ట్రేషనూ ఏమీ లేవు. ఉన్నదల్లా అట్ట వేసిన ఒక నోట్‌బుక్, టీచర్ మాట.

నేను చేరాను, ఆఖరిదాకా ఆగాలనుకున్నాను. లెక్క ముందే వేసుకున్నాను. లక్ష రాగానే నలభై వేలు అమ్మ చేతిలో పెట్టాలి. ఎక్కడిదని అడిగితే అప్పుడు చెప్పాలి. మిగతాది నా పేరు మీద ఎఫ్‌డీ. నెలనెలా ఐదు వేలు పక్కన పెట్టడం కష్టమయ్యేది గానీ ఒక్క నెల తప్పలేదు. పందొమ్మిది మంది ముందు "ఈ నెల లేవు" అని చెప్పే ధైర్యం నాకు లేదు. అలా పదహారు నెలలు కట్టాను.

టీచర్‌కు ఫోన్లో టైపు చేయడం రాదు. అందుకని చిట్టీ వాట్సాప్ గ్రూపు బాధ్యత నాకు అప్పగించారు. పాట ఎవరు పాడారు, ఈ నెల ఎంత కట్టాలి, అన్నీ నేనే పెట్టేదాన్ని. క్లాసు లీడర్‌ను చేసినంత గర్వపడ్డాను.

పదిహేడో నెల పదో తారీఖు మంగళవారం పడింది. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. గేటు దగ్గర అప్పటికే పదిమంది దాకా నిలబడి ఉన్నారు. తలుపుకు తాళం. ఫోన్ స్విచాఫ్. పదహారు నెలల్లో టీచర్ ఒక్కసారి కూడా ఐదు నిమిషాలు ఆలస్యం చేయలేదు. పై వాటాలో ఉన్న కుర్రాళ్లు అద్దెకు దిగి వారమే అయింది, వాళ్లకు ఏమీ తెలియదు.

కర్రీ పాయింట్ నడిపే అక్క ఆ నెల చిట్టీ ఎత్తుకోవాలని వచ్చింది. మెయిన్ రోడ్డు మీద షాపు మాట్లాడుకుంది, అడ్వాన్సు కట్టాలి.

"పొద్దుగాల్ల సంది చేస్తున్న ఫోను. ఆఫ్ అనే వస్తుంది. నాకెందుకో పరేషాన్‌గ ఉంది" అంది.

"టీచరమ్మ అట్లాంటిది కాదులే" అన్నాడు చిట్టీలోనే ఉన్న పాల బూత్ అన్న. కానీ ఆయన చేతులు మాత్రం జేబులో నిలవడం లేదు.

నేను ఆ తాళం వైపు చూస్తున్నాను. ఇత్తడి తాళం, నేరేడ్‌మెట్‌లో చూసిన దానికన్నా కొంచెం పెద్దది. వెళ్లి లాగి చూశాను. ఎందుకు లాగానో నాకే తెలియదు. రెండోసారి కూడా లాగాను. నాకు భయం వేస్తే ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆ కోపానికి కళ్లు కూడా ఉండవు.

"ఇంకేం చూస్తరు? పోయింది! అందరి పైసలు పట్టుకొని పోయింది!" అని అరిచాను.

"జెర ఆగు బిడ్డా. ఆమె పోయే చర్చిల అడుగుదాం, వాళ్లకు తెలుస్తదేమో" అన్నాడు పాల బూత్ అన్న.

"చర్చిల అడిగితే ఏం చెప్తరన్నా? గిట్ల ఇంట్ల ఒక్కతే ఉండేటోళ్లకు తాళమేసి పోవుడు ఎంత సేపు? మా అమ్మకు ఇట్లనే అయింది. మనం ఆగినకొద్దీ ఆమె దూరం పోతది."

అన్నదాంతో ఆగలేదు. ఫోన్ తీసి గ్రూపులో పెట్టాను: "టీచర్ పారిపోయింది. అందరూ రండి. పోలీస్ స్టేషన్‌కు పోదాం." పావుగంటలో మిగతావాళ్లు కూడా వచ్చేశారు. ఒకరి భయం చూసి ఇంకొకరికి భయం. కర్రీ పాయింట్ అక్క మెట్ల మీద కూలబడింది. నా బుర్రలో మాత్రం ఒకటే ప్రశ్న. అమ్మకు ఎలా చెప్పాలి? నలభై వేలు తెచ్చిస్తానని బయల్దేరి దాదాపు రెట్టింపు పోగొట్టుకొచ్చానని ఏ నోటితో చెప్పాలి? అమ్మ తిట్టదు. లేచి వంటింట్లోకి వెళుతుంది. అదే తట్టుకోలేను.

స్టేషన్‌కు బయల్దేరబోతుంటే పాల బూత్ అన్న చెయ్యెత్తి ఆపాడు.

"స్టేషన్ల మొదలు గదే అడుగుతరు, ఆఖరుసారి ఎవరితోని మాట్లాడింది, ఎప్పుడు మాట్లాడింది అని. అందరు ఫోన్లు తీయుండ్రి."

అందరం తీశాం. ఒకరికి నెల కిందట, ఒకరికి ఇరవై రోజుల కిందట. నా ఫోన్లో వేలితో కిందికి జరుపుతూ పోయాను. టీచర్ పేరు కనిపించింది. పన్నెండు రోజుల కిందట, పొద్దున ఎనిమిదీ యాభై. వచ్చిన కాల్. ఒక నిమిషం నలభై సెకన్లు.

ఎనిమిదీ యాభై అంటే నేను మల్కాజ్‌గిరి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఉండే వేళ.

అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. రైలు లోపలికి వస్తోంది. చెవిలో టీచర్ గొంతు. "అమ్మాయ్, ఈసారి పదో తారీఖు కాదు, పదమూడుకి మార్చానమ్మా. మా అక్కయ్యగారి ఊళ్లో ఉపవాస కూటాలున్నాయి. మూడు రోజులు ఫోన్ ఆపేసి ప్రార్థనలో కూర్చుంటాం. గ్రూపులో పెట్టెయ్, మర్చిపోకు." నేను "సరే టీచర్, ఇప్పుడే పెడతా" అన్నాను. రైలెక్కాను. అదృష్టం కొద్దీ కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోన్ చేతిలోనే ఉంది. ముందు యాప్ తెరిచి పచ్చగా ఉందో ఎర్రగా ఉందో చూశాను. సిప్ మళ్లీ మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. ఆ రోజు పచ్చగానే ఉంది. ఆ సంబరంలో పదమూడో తారీఖు ఆ ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయింది.

నిజం చెప్పాలి కదా, ముందు నాకు సిగ్గు వేయలేదు. ముందు ఊపిరి వచ్చింది. డబ్బు పోలేదు. టీచర్ ఎక్కడికీ పోలేదు. గుండెల మీద నుంచి ఎవరో బియ్యం బస్తా దింపినట్టు అయింది. గట్టిగా నవ్వాలనిపించింది. తల ఎత్తితే పద్దెనిమిది మొహాలు. ఆ హాయి అప్పటికి నా ఒక్కదానిదే. వాళ్లకు కూడా అది దక్కాలంటే నేను నోరు విప్పాలి.

ఒక్క క్షణం దొంగబుద్ధి పుట్టింది. "చర్చిలో అడుగుదాం పదండి" అంటే సరిపోతుంది, నా సంగతి బయటపడకుండానే తేలిపోతుంది. కానీ అక్క మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమెను చర్చి దాకా ఏడిపిస్తూ తీసుకెళ్లడం నా వల్ల కాలేదు.

"టీచర్ పోలే. పాట పదమూడుకు మార్చింది. గ్రూపుల పెట్టమని నాకు ఫోన్ చేసింది. నేనే మర్చిపోయిన" అన్నాను.

అక్కే ముందు లేచింది. "ఏందే, ఏమంటున్నవ్? మళ్ల చెప్పు." మళ్లీ చెప్పాను. ఆమె నా భుజం మీద ఒక్కటి వేసింది. గట్టిగానే తగిలింది. ఆ వెంటనే పట్టుకుని ఏడ్చేసింది. "నా పానం పోయినంత పని చేసినవ్ గదనే!"

పాల బూత్ అన్న తల పట్టుకున్నాడు. "సంకల పిల్లను పెట్టుకొని ఊరంతా దేవులాడినట్టు చేసినవ్ బిడ్డా. పైకెల్లి మమ్మల్ని సుత దేవులాడించినవ్."

తిట్టినవాళ్లు తిట్టారు. కానీ ఆ తిట్లలో ప్రాణం లేదు. అందరి మొహాల్లో వెలుగొచ్చింది. అన్న అందరికీ టీ తెప్పించాడు, డబ్బులు నా చేత కట్టించాడు. సంతోషంగా కట్టాను. జీవితంలో అంత సంతోషంగా ఎవరికీ టీ తాగించలేదు. గ్రూపులో పెట్టిన ఆ మాటను అప్పుడే తీసేశాను. తీసేసినట్టు గుర్తు మాత్రం మిగిలిపోయింది.

ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. చిట్టీ సంగతి, తాళం సంగతి, అన్నీ. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అనుకున్నట్టే లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి లోపల నుంచే అడిగింది.

"తాళం గుంజి చూసినవా?"

"చూసిన."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

అమ్మ బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. పదిహేడేళ్ల కిందట తాళం రెండోసారి లాగినప్పుడు ఏమనుకుందో ఆ రోజు మొదటిసారి చెప్పింది. లోపల నుంచి ఎవరైనా తలుపు తీస్తారేమోనని చూసిందట. బయట తాళం వేసి ఉంటే లోపల ఎవరుంటారు? అయినా చూసిందట. తర్వాత, "పదమూడుకు నేను సుత వస్త" అంది.

పదమూడున ఆరింటికి ఇద్దరం వెళ్లాం. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గడప ముందు పది జతల చెప్పులు. అమ్మ గేటు దగ్గర ఆగిపోయి ఆ తెరిచిన తలుపు వైపు చూస్తూ నిలబడింది. నేను తొందర పెట్టలేదు.

లోపల టీచర్ నోట్‌బుక్ తీసి కూర్చున్నారు. ఉపవాసంతో కొంచెం నీరసించారు గానీ మొహం తేటగా ఉంది. పాట మొదలు కాకముందే చెప్పెయ్యాలనుకున్నాను. మర్చిపోయిన సంగతీ, అరిచిన సంగతీ, గ్రూపులో పెట్టి తీసేసిన మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పారిపోయాననుకున్నావా?"

"అవును టీచర్."

"నేనేమో ఆ మూడు రోజులూ చిట్టీ సంగతే తలుచుకోలేదమ్మా. నీకు చెప్పాను కదా, ఇంక నాకేం బెంగ అనుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తల దించుకున్నాను. ఆవిడ నోట్‌బుక్‌తో నెత్తి మీద మెల్లగా కొట్టారు. ఏడో తరగతిలో హెచ్చవేతలు తప్పు చేస్తే కొట్టినట్టే. "సర్లే, కూర్చో" అన్నారు.

కర్రీ పాయింట్ అక్కకు ఆ నెల చిట్టీ పోటీ లేకుండా దక్కింది. ఎవరైనా ఎదురు పాడతారేమోనని ఆమె అందరి వైపూ చూసింది, ఒక్కరూ నోరు తెరవలేదు. అందరూ లేచి వెళుతున్నారు. అమ్మ మాత్రం మూల కుర్చీలోంచి కదలలేదు. రవిక లోపలి నుంచి చిన్న పర్సు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"టీచర్, ఇది అయిపోయినంక ఇంకో చిట్టీ షురూ చేస్తరా?" అని అడిగింది.

ఇంట్లో ఎత్తకూడని మాట అమ్మ నోటి నుంచి వచ్చింది.

టీచర్ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, మొదటి గీత మీద అమ్మ పేరు రాశారు. రాసి, నా వైపు ఒకసారి చూసి, "చేస్తానండీ. కానీ తారీఖు మారితే ఫోన్ మాత్రం మీకు చేస్తాను, మీ అమ్మాయికి చెయ్యను" అన్నారు.

అమ్మ నవ్వింది. చిట్టీ అన్న మాట మీద మా అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.