గొడ్డు పూత

ఆ వీధిలో ఆమెను కత్తెరమ్మ అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద వంగిన వీపు. అటుగా వెళ్ళేవాళ్ళకు ఎన్నేళ్ళుగానో ముందు కనపడేవి ఆ రెండే. వదులైన నడుములు బిగించడం, పొట్టివైన గౌన్ల అంచులు దించడం, చిల్లుపడ్డ జేబులకు కొత్త సంచులు వేయడం ఆమె పని. కొత్తవి కుట్టడం కన్నా పాతవాటిని దారికి తేవడమే ఆమెకు ఇష్టం. ఎక్కడ దారప్పోగు వేలాడినా చెయ్యి ఊరుకోదు. ఒకసారి కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళి, వరసలో ముందు నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి కాలరు వెనక పోగును కత్తిరించింది. అతను మెడ తడుముకుని గొడవకు దిగాడు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన ఆమె భర్త ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

"మా ఆవిడ పక్కన నిద్రపోవాలంటే మీసం దాచుకుని పడుకోవాలి."

ఇల్లు రెండు వాటాలు, వెనక పెరడు మాత్రం ఒక్కటే. రెండో వాటాలో తోటికోడలు చిన్నామె ఉంటుంది. మరిది పోయిన దగ్గర్నుంచి ఒంటరిదే. పిల్లల బడిలో ఆయా. బడిలో పిల్లల్ని ఎట్లా వదిలేస్తుందో పెరట్లో మొక్కల్నీ అట్లాగే వదిలేస్తుంది. ముల్లంగి ముదిరి తెల్లగా పూసేది. కొత్తిమీర చిన్న చిన్న గొడుగులు విప్పేది. సబ్జా నడుమెత్తు పెరిగి పొద్దస్తమానం తేనెటీగలతో జుమ్మనేది. వంకాయో మిరపకాయో కావాలంటే ఆ అడవిలో వెతుక్కుని కోసుకోవాల్సిందే.

కత్తెరమ్మకు అది కంట్లో నలుసు. కూర అన్నాక లేతగా కోసి వండుకోవాలి గానీ, దాన్ని ముదరబెట్టి పూలు పూయించడం ఏమిటి? ఒకరోజు చిన్నామె బడికి వెళ్ళగానే కొంగు దోపి దిగింది. ముల్లంగి పీకింది, కొత్తిమీర పీకింది, సబ్జాను వేళ్ళతో సహా లాగేసింది. మళ్ళు గీత గీసినట్టు సరిచేసింది. సాయంత్రం చిన్నామె వచ్చి చూసింది. తర్వాత అనవలసినవీ అనకూడనివీ అన్నీ అంది. కత్తెరమ్మ తగ్గే రకం కాదు. రెండు మేకులు కొట్టి పెరటికి అడ్డంగా తాడు కట్టింది.

"నీ వైపు నువ్వు, నా వైపు నేను. ఈ తాడు దాటి నీ మాట కూడా ఇటు రాకూడదు."

రాలేదు. ఆ రోజు నుంచీ మాటల్లేవు.

అంతకు ముందే ఇంకో గుబులు కత్తెరమ్మ గుండెలో ఉంది. అత్తగారు వదిలివెళ్ళిన గుమ్మడి ఒకటి వాళ్ళింట్లో ఏటేటా కాస్తుంది. చిన్నది, ముదురాకుపచ్చ తోలు, లోపల కుంకుమరంగు కండ. బజారులో దొరికే రకం కాదు. "పెద్దదానివి, విత్తనం నీ చేతిలో ఉండాలి," అని అత్తగారు ఆమెకు అప్పగించింది. తీగను పెంచడం మటుకు ఎప్పుడూ చిన్నామె పనే. ఈ ఏడు వానల్లో డబ్బా మూత సరిగ్గా బిగియలేదు. విత్తనాలు బూజుపట్టాయి. మిగిలిన నాలుగూ పాతితే ఒక్కటి మొలిచింది. అది మొలిచింది తాడుకు ఇవతల. అది కాయకపోతే అత్తగారి గుమ్మడి అక్కడితో సరి. ఆ సంగతి తెలిసి చిన్నామె ఏమన్నా ఫరవాలేదు, నవ్వితేనే కష్టం. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు పెద్దలు.

తీగ బాగానే పాకింది. మొగ్గలూ తొడిగింది. కత్తెరమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. కొన్ని మొగ్గల వెనక గోలీకాయంత పిందె ఉంది. చాలావాటి వెనక ఏమీ లేదు, వట్టి పొడుగాటి కాడ. ఇవి గొడ్డు పువ్వులు, తీగ బలమంతా తినేస్తాయి అనుకుంది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. రోజూ సాయంత్రం కత్తెర పట్టుకెళ్ళి, మర్నాడు విచ్చుకోబోయే ఆ మొగ్గల్ని కాడలతో సహా కత్తిరించి, తాడు అవతల చిన్నామె ఎరువుకుప్ప మీదికి విసిరేసేది. తీగ ఇప్పుడు కుట్టుపని ముగిసిన గౌనులా శుభ్రంగా ఉందని తృప్తిపడేది.

పిందె ఉన్న పువ్వులు పూశాయి. వాడాయి. వాటితోబాటు పిందెలూ పసుప్పచ్చబడి రాలిపోయాయి.

ఒకటి రాలితే ఎండ అనుకుంది. మళ్ళీ రాలితే నీళ్ళు చాలలేదనుకుంది. భర్త నీళ్ళు ఎక్కువయ్యాయన్నాడు. జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చిన ఒకామె బూడిద చల్లమంది. కాలర్లు తిప్పించుకునే కొట్టాయన మజ్జిగ పొయ్యమన్నాడు. కత్తెరమ్మ పొద్దున నీళ్ళు పోసి, మధ్యాహ్నం పోసినందుకు బెంగపడి, సాయంత్రం బూడిద చల్లి, దాని మీద మజ్జిగ పోసింది. మిషను ముందు కూచున్నా చూపు వెనక తలుపు మీదే. ఒకరి ప్యాంటుకు పొడుగెక్కువైన కుడికాలు కత్తిరించవలసింది ఎడమది కత్తిరించింది. అన్నేళ్ళ పనిలో అదే మొదటిసారి.

"నువ్వు తీగని పెంచుతున్నావా, దానికి వైద్యం చేస్తున్నావా?" అన్నాడు భర్త.

"మీకేం, లిఫ్టు అయితే మీట నొక్కితే పైకొస్తుంది."

ఈ గందరగోళంలో ఇంకోటి కనపడింది. చిన్నామె వంటింటి కిటికీలో ఓ గాజుగ్లాసు. దాన్నిండా నీళ్ళలో తను కోసి పారేసిన గుమ్మడి మొగ్గలు! ఇల్లు అలంకరిస్తోందా? తనని ఏడిపించడానికి పెట్టిందా? తనకు పిందె నిలవడం లేదు, ఆమె పూలు పెట్టుకుని చూసి మురుస్తోంది.

మర్నాడు తెలతెలవారుతుండగా వెనక తలుపు తీసిన కత్తెరమ్మ కొయ్యబారిపోయింది. చిన్నామె తాడు దాటి వచ్చి తీగ మీద వంగి ఉంది. చేతిలో రేకులు పీకేసిన పువ్వు, పసుపు పుల్లలా. దాన్ని పిందె ఉన్న పువ్వు లోపల పెట్టి మెల్లగా తిప్పుతోంది.

"ఏయ్! నా తీగకి ఏం పెడుతున్నావే?"

"అరవకక్కా, పొద్దున్నే. చెయ్యి అదురుతుంది."

"తాడు దాటి వచ్చావు!"

"మాట దాటకూడదన్నావు. మనిషి సంగతి చెప్పలేదు. అందుకే నోరు మూసుకుని వచ్చా."

"ఆ చేతిలోదేంటి?"

"నువ్వు నిన్న కోసి పారేసిందే. గ్లాసులో పెడితే పొద్దుటికి విచ్చుకుంది."

"అది గొడ్డు పువ్వు కదే. వెనక ఏమీ లేదు."

"వెనక కాదు, లోపల చూడు. వేలు పెట్టు."

పెట్టింది. వేలికొసకు పసుప్పచ్చటి పొడి అంటుకుంది, బట్ట మీద గీసే సుద్దలా.

"ఈ పుప్పొడి దానికి అంటాలి. అంటకపోతే ఎంత నీళ్ళు పోసినా రాలిపోతుంది. ఇన్నేళ్ళూ తేనెటీగలు ఈ పని చూసుకునేవి. వాటి తిండేమో నువ్వు పీకి పారేశావు. ఇక్కడి పూలేమో కత్తిరించి పారేశావు. ఇంకెవరున్నారు, నేనే తేనెటీగనయ్యా."

వెనక గుమ్మంలో పళ్ళు తోముకుంటున్న భర్త నురుగుతోనే అన్నాడు: "మా ఇంట్లో కుట్టేది ఒక్కత్తే అనుకున్నా."

"మీరూరుకోండి బావగారూ," అంది చిన్నామె. ఆమె నవ్వలేదు.

"ఇదంతా తెలిసి ఎందుకు చెప్పలేదే?" అంది కత్తెరమ్మ.

"చెప్తే వినేదానివా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

"ఈ తీగ పోతే..." కత్తెరమ్మ తీగ కొసను పట్టుకుంది. "విత్తనాలు లేవే ఇంక."

"తెలుసు. బూజు విత్తనాలు పారేసిన కుప్ప ఎవరిది?"

ఆ పువ్వుకున్న పిందె రాలలేదు. రెండు రోజులకు నిక్కింది, వారానికి పిడికిలంతయింది.

కత్తెరమ్మకు మాత్రం అక్కణ్ణుంచే అసలు చిక్కు మొదలైంది. ఏమీ కాయని పువ్వే కాయకు తండ్రి. తినకుండా వదిలేసిన ముల్లంగి వల్ల గుమ్మడి నిండుతుంది. మరి ఈ లోకంలో అదనం అనేది ఏదైనా ఉందా, లేదా? ఒకాయన తెచ్చిన కోటు లోపల ఎందుకూ పనికిరాని చిన్న గుడ్డముక్క వేలాడుతోంది. మామూలుగా అయితే ఒక్క కోత. ఇప్పుడు దాన్ని పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏమ్మా, అంత ఆలోచిస్తున్నారు?" అన్నాడాయన.

"ఇది దేనికుందో మీకు తెలుసా?"

"తెలీదు."

"అయితే ఉండనివ్వండి," అని కోటు మడిచి ఇచ్చేసింది.

ముల్లంగి మళ్ళీ చల్లింది. ఒక వరస కోయకుండా వదిలింది. అది వంకరటింకరగా పెరిగి పూస్తుంటే చూడలేక మొహం తిప్పుకునేది. తేనెటీగలు వచ్చాయి. తన పూలకు వచ్చాయో, అవతల చిన్నామె మళ్ళీ వేసిన సబ్జాకు వచ్చి దారిలో ఆగాయో పోల్చుకోలేకపోయింది.

కాయ ముదిరింది. తొడిమ ఎండింది. చిన్నామె వచ్చి చిటికెన వేలితో కొట్టి చూసి, "ఇంక కోయొచ్చు," అంది.

"విత్తనాలు నీ దగ్గరే పెట్టుకోవే ఇంకనుంచి. నా చేతిలో పాడయ్యాయి."

"లేదు. నువ్వే ఆరబెట్టు."

"చెప్తున్నాగా, పాడుచేసింది నేనేనని."

"అందుకే," అని చిన్నామె తన వాటాలోకి వెళ్ళిపోయింది.

కత్తెరమ్మ గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూచుంది. అది దెప్పిపొడుపా? నమ్మకమా? దెప్పిపొడుపైతే గొంతు అంత మెత్తగా ఉండదు. నమ్మకమైతే అంత పొట్టిగా ఉండదు. భర్తను అడిగింది.

"నన్నడక్కు. నేను లిఫ్టుల మనిషిని," అన్నాడు.

చివరికి ఉండబట్టలేక గోడకేసి గట్టిగా కేకేసింది: "ఏమే! అందుకే అంటే ఏంటే?"

అవతల బకెట్టులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. కత్తెరమ్మ కాసేపు చెవి ఒగ్గి కూచుంది. తర్వాత లేచి, కాయను చంకన పెట్టుకుని, విత్తనాలు ఆరబెట్టడానికి చాట కోసం లోపలికి వెళ్ళింది.