మత్రాలో మూడు రోజుల సెలవు, మల్లేశం పెళ్ళి ఫోటో

మస్కట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా చెల్లెలి అల్లుడు మొన్న ఫోన్ చేశాడు. మూడు రోజులు సెలవు కలిసొచ్చిందట, హడావిడి లేకుండా సముద్రం ఒడ్డున గడపాలంటే ఎక్కడికి వెళ్ళమంటారని అడిగాడు. పక్కనే ఉన్న రేవు ఊరు మత్రా వెళ్ళమన్నాను. "అక్కడేముంది మావయ్యగారూ, పాత బజారు తప్ప" అన్నాడు. కోపం రావాల్సింది గానీ నవ్వొచ్చింది. డెబ్బైలలో ఆ పాత బజారుకే మేము ఇస్త్రీ బట్టలు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్ళేవాళ్ళం. అతనికి ఫోన్లో చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా అటు వెళ్ళే ఆలోచనలో ఉంటే పనికొస్తుంది.

నేనప్పుడు ఘుబ్రాలో ఒక కట్టడాల కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఇప్పుడు అక్కడ స్కూలూ, వరసగా ఇళ్ళూ ఉన్నాయంటున్నారు. అప్పుడు ఇసుక, మా రేకుల రూములు, మూడు నీళ్ళ ట్యాంకర్లు ఉండేవి. సముద్రం క్యాంపు వెనకే ఉన్నా ఆ ఒడ్డున మనిషన్నవాడు కనబడడు. మనుషులున్న సముద్రం కావాలంటే మత్రా వెళ్ళాల్సిందే. కాకినాడలో పుట్టినవాణ్ణి, పడవలూ చేపల బుట్టలూ లేని సముద్రం నాకు సముద్రంలా అనిపించేది కాదు. ఆ ఏడాది ఈద్‌కి బుధ, గురు, శుక్రవారాలు సెలవిచ్చారు. ఏది చేసినా ముందు కాగితం మీద పెట్టుకోవడం నాకలవాటు. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ తినాలి, ఎంతసేపు ఊరికే కూర్చోవాలి, అన్నీ రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాను. ఊరికే కూర్చోవడానికే రోజుకు మూడు గంటలు కేటాయించాను.

ఆ పుస్తకంలో మల్లేశం లేడు. జగిత్యాల దిక్కు మనిషి, ఇనుప చువ్వలు వంచి కట్టే పని. నెలాఖరున జీతం రిజిస్టరులో వేలిముద్ర వేయించేది నేనే కాబట్టి అతనికి చదువు రాదని నాకు తెలుసు. ఊరికి ఉత్తరాలన్నీ నా చేతే రాయించుకునేవాడు. సెలవుకు రెండు రోజుల ముందు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, మత్రా పోతున్నవట గదా. నేను గూడ వస్త. ఫోటో దిగాలె."

"ఏం ఫోటో?"

"పెండ్లి ఫోటో. పిల్ల అయ్య పంపుమన్నడట. శనివారం మన పోశెట్టి ఊరికి పోతున్నడు, ఆయన చేతికియ్యాలె. ఆ స్టూడియో సేఠుతోని నువ్వైతే మంచిగ మాట్లాడుతవ్."

పిల్ల పేరు రాజవ్వ. అంతకుముందు సెలవుకు వెళ్ళినప్పుడు అక్క వాళ్ళ ఊళ్ళో చూశాడట. బీడీలు చుడుతూ, తలెత్తకుండానే, "మస్కట్ నుంచి ఉత్త చేతులతోనే వచ్చినవా" అని అడిగిందట. అప్పటినుంచి మల్లేశానికి వేరే సంబంధం మాటెత్తితే గిట్టదు. కానీ పిల్ల తండ్రి దగ్గర తహసీలు ఆఫీసులో అటెండరు సంబంధం సిద్ధంగా ఉంది. ఈ ఫోటో నచ్చకపోతే రాజవ్వ అటెండరు ఇంటికి వెళ్ళిపోతుంది. నా మూడు గంటల్లోంచి ఒక గంట తీసి అతనికిచ్చాను.

బుధవారం ఉదయం ఏడింటికి రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తితే పికప్ ఆగింది. మత్రాకి మనిషికి రెండు వందల బైసాలు, అంటే రియాల్‌లో అయిదో వంతు. ఖాళీగా ఉన్న దారిలో ముప్పావు గంట ప్రయాణం. డ్రైవరు బలూచీ ముసలాయన, హిందీ బాగా మాట్లాడతాడు. మల్లేశం చొక్కాకున్న మడతలు నలగకుండా చేతులు పక్కకు పెట్టుకుని కూర్చోవడం చూసి, "షాదీకి వెళ్తున్నావా?" అని అడిగాడు. ఫోటోకి అని నేను చెప్పాను. "ఆ ఫోటో కోసం వెళ్ళేవాళ్ళంతా ఇలాగే కూర్చుంటారు" అని నవ్వాడు. రువీ దాటి కొండల మధ్య మలుపు తిరగగానే ఒక్కసారిగా రేవు కనబడుతుంది. తెల్లటి ఇళ్ళు, వాటి వెనక నల్లటి కొండ, ముందు పడవలు. ఎన్నిసార్లు వెళ్ళినా ఆ మలుపులో నేను మాట్లాడటం ఆపేసేవాణ్ణి.

బజారు వెనక ఒక కచ్ వ్యాపారి తన కొట్టు మీది గదులు మనవాళ్ళకిచ్చేవాడు, రోజుకు మంచానికి ఒక రియాల్. సామాను పెట్టేసి స్టూడియోకి వెళ్ళేసరికి బయట వరస ఉంది. ఈద్ రోజుల్లో క్యాంపుల వాళ్ళంతా అక్కడే ఉంటారు. సేఠ్ దగ్గర అందరికీ ఒకటే కోటు, గోధుమరంగు మీద సన్న గీతలున్నది. లావుగా ఉన్నవాళ్ళకి బొత్తాలు పెట్టడు, సన్నగా ఉన్నవాళ్ళకి వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి లాగుతాడు. మల్లేశానికి అయిదు క్లిప్పులు పట్టాయి. పక్కన బల్ల మీద తీగ లేని టెలిఫోను, ప్లాస్టిక్ పూలు. "రిసీవర్ మీద చెయ్యి పెట్టు, మాట్లాడబోతున్నట్టు" అన్నాడు సేఠ్. మల్లేశం దాన్ని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. మర్నాడు సాయంత్రం రమ్మన్నాడు.

గురువారం నిజంగా సెలవు రోజులా గడిచింది. ఆరున్నరకే చేపల బజారుకు వెళ్ళాం. పడవల్లోంచి వంజరాలు, సూర చేపలు దించి నేల మీదే పరిచేవారు. ఒక వంజరం కొని మలయాళీ హోటల్లో ఇస్తే మసాలా పెట్టి వేయించాడు. అన్నంతో కలిపి మనిషికి నాలుగు వందల బైసాలు తీసుకున్నాడు. మా ఇంటి వంజరం ఇంత బాగుండేదా అని ఆలోచించి, ఉండేది కాదని ఒప్పుకున్నాను. తర్వాత రేవు గోడ మీద కూర్చుని ఓడల్లోంచి సిమెంటు దించడం చూస్తూ రెండు గంటలు గడిపాం. మల్లేశం ఆ రెండు గంటలూ రాజవ్వ గురించే మాట్లాడాడు. అయిదో తరగతి దాకా చదివిందని, ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలన్నీ తనే చదివిపెడుతుందని గర్వంగా చెప్పాడు.

సాయంత్రం ఫోటో చేతికొచ్చింది. బాగుంది. మల్లేశం బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. నేను మెచ్చుకుంటూ ఉంటే అతను మాత్రం గోడకున్న అద్దాల పెట్టెలోకి చూస్తున్నాడు. అందులో ఇరవై ముప్పై ఫోటోలు. అందరి ఒంటి మీదా అదే కోటు.

"అన్నా, మా ఊర్లె మూడిండ్లల్ల గీ కోటు ఫోటోలున్నయ్. ముగ్గురు ఒక్కతీరు కోటు కొనుక్కున్నరనుకున్న" అన్నాడు మెల్లగా. "మా చిన్నాయన కొడుకు గూడ గిట్లనే దిగిండు. ఆఫీసర్ అని చెప్పి పెండ్లి చేసిండ్రు. పారపని అని ఎరుకైనంక ఆ పిల్ల ఆరు నెలలు మాట్లాడలే."

ఇంకో ఫోటో తీయమని అడిగాను. మర్నాడు శుక్రవారం, స్టూడియో మూసేస్తారు. శనివారం దాకా ఇంకేదీ ఇవ్వలేనన్నాడు సేఠ్. ఉన్న ఫోటోనే పంపాలి. మల్లేశం రేవు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని ఫోటో తిప్పి నా ముందు పెట్టాడు.

"ఎనుక రాయన్నా. ఈ కోటు నాది గాదు, స్టూడియోది. నాది ఇనుము వంచే పని, ఎండల నిలబడి చేసేది. రెండేండ్లకొకసారి వస్త. ఇష్టమైతెనే సరే అనుమను."

"ఇలా రాస్తే అటెండరుకే ఇస్తారయ్యా" అన్నాను.

"ఇయ్యనీ. పెండ్లైనంక ఏడ్సుడుకంటె నయం గదా."

కలం తీశాను. అతని మొహం చూస్తే జాలేసింది. ఆ పిల్ల మీద ఇంత ఆశ పెట్టుకుని, తన కాళ్ళ మీద తనే ఇనప చువ్వ పడేసుకుంటున్నాడనిపించింది. సంబంధం మాట్లాడుతున్న మధ్యవర్తి ఎటూ సూపర్‌వైజరనే చెప్పి ఉంటాడు. ఇంతకన్నా బాగా రాసిపెట్టడం నా చేతిలో పని. ఫోటో వెనక గుండ్రటి అక్షరాలతో, "మస్కట్‌లో సూపర్‌వైజరు ఉద్యోగం. కంపెనీ వసతి. త్వరలో కుటుంబాన్ని తీసుకువెళ్ళు అవకాశం కలదు" అని రాశాను. చదివి వినిపించమంటే, అతను చెప్పిందంతా పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాను. మంచి పని చేశానని ఆ పూట ఇంకో టీ కూడా తాగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం పోశెట్టి కోసం గోడ దగ్గర కూర్చున్నాం. ఊరికి పట్టుకెళ్ళే సామాను కొనడానికి బజారు తెరిచే వేళకు వస్తానన్నాడు. మల్లేశం జేబులోంచి కవరు తీసి, ఫోటో వెనక్కి తిప్పాడు.

"అన్నా, 'నాది గాదు' అన్న మాట ఏడున్నది? జర చూపెట్టు."

"ఎందుకు?"

"ఆ పిల్ల చదువుకుంట చదువుకుంట ఏడ ఆగుతదో నాకెరుక కావాలె."

మూడు వరసలున్నాయి. దేని మీద వేలు పెట్టినా నమ్ముతాడు. వేలు కాగితం దాకా వెళ్ళింది గానీ ఆనలేదు. మల్లేశమే నా చెయ్యి పక్కకు జరిపాడు.

"రాయలేదా?"

"లేదు మల్లేశం. సూపర్‌వైజరని రాశాను. నీ మంచికే."

అతను తిడతాడని చూశాను. సైట్లో ఫోర్‌మన్ మీదికి కూడా లేచే మనిషి. కానీ కలం అడిగాడు. తీసిచ్చాను. రాయడం రాకపోయినా గీత గీయడం వచ్చు కదా. మూడు వరసల మీదా తన చేత్తోనే అడ్డంగా గీతలు కొట్టి, కలం నాకు తిరిగిచ్చాడు.

"కింద రాయి సారూ. నేను చెప్పిందే రాయి."

మూడేళ్ళుగా అన్నా అని పిలిచినవాడు మొదటిసారి సారూ అన్నాడు. మిగిలిన జాగాలో చిన్న అక్షరాలతో అతను చెప్పిందే రాశాను. "నాది గాదు" ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆ మాట మీద బొటనవేలు ఆనించి కాసేపు చూసుకున్నాడు. పోశెట్టి వచ్చి కవరు తీసుకున్నాడు. తిరుగు పికప్‌లో చొక్కా నలుగుతుందన్న భయం మల్లేశానికి లేదు.

రెండున్నర నెలల తర్వాత అతని అక్క దగ్గర్నుంచి జవాబొచ్చింది. అది చదివించుకోవడానికి నా దగ్గరకు రాలేదు. మెస్‌లో వంటమనిషి కూడబలుక్కుంటూ చదువుతుంటే పక్క బల్ల దగ్గర విన్నాను. కొట్టివేతలు చూసి పిల్ల తండ్రి మండిపడ్డాడట. ఇంకా ఏమేం దాస్తున్నాడో అన్నాడట. దానికి రాజవ్వ, "దాసేటోడైతే కొట్టేస్తడా బాపూ" అందట. ఉత్తరం అక్కడికి వచ్చేసరికి మల్లేశం ప్లేటు పక్కకు నెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పై ఏడాది పెళ్ళయింది.

ఇక మీ ప్రయాణానికి ఒక్క సలహా. శుక్రవారం మత్రా బజారు మధ్యాహ్నం ప్రార్థనలు అయ్యేదాకా మూతబడే ఉంటుంది. కొనుక్కోవాల్సినవి ముందే కొనేసి, ఆ పూట గోడ మీద కూర్చోవడానికి ఉంచుకోండి. పడవలు చూడటానికి అంతకు మించిన వేళ లేదు. ఆ గోడ దగ్గరకు వెళ్ళాలని నాకిప్పటికీ ఉంది, వెళితే ఏ చోట కూర్చోవాలో కూడా తెలుసు. పెళ్ళి చేసుకుని తిరిగొచ్చినప్పుడు మల్లేశం నాకు సకినాలు తెచ్చిచ్చాడు, రాజవ్వ ప్రత్యేకంగా పంపిందని చెప్పాడు. ఒక్కనాడూ మాట తూలలేదు. నాకు జ్వరమొస్తే గంజి కాచిపెట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒకే క్యాంపులో ఉన్నాం. నెలనెలా రాజవ్వకు ఉత్తరం వెళ్ళేది. అక్షరానికో తప్పు రాసే వంటమనిషి ముందు గంటలు గంటలు ఓపిగ్గా కూర్చునేవాడు. నా గది తలుపు తీసే ఉండేది. ఒక్క కాగితం కూడా నా దగ్గరకు తేలేదు.